కోతకు ముందు సూది

సూరత్ నగరానికి దక్షిణం వైపు, ఉధ్నా, పాండేసరా పారిశ్రామిక వాడలకు దగ్గరగా ఉన్న ప్రాంతం బమ్రోలి. ఇక్కడి మరమగ్గాలకు రాత్రీ పగలూ తేడా లేదు. పన్నెండు గంటలకోసారి మనిషి మారతాడు, మగ్గం మాత్రం ఆగదు. ఒడిశాలోని గంజాం నుంచి, ఉత్తరప్రదేశ్ నుంచి, మహారాష్ట్రలోని ఖాందేశ్ నుంచి వచ్చిన కూలీల మధ్య మన వరంగల్, కరీంనగర్, నల్లగొండ వైపు పద్మశాలీలూ ఉన్నారు. ఊళ్లో చేనేత చితికిపోయినప్పుడు కొందరు షోలాపూర్‌కు, కొందరు భివండికి, కొందరు సూరత్‌కు బండెక్కారు. ముందు మగవాళ్లు వచ్చారు, తర్వాత భార్యాబిడ్డలను తెచ్చుకున్నారు. లింబాయత్, ఉధ్నా చుట్టుపక్కల ఇరుకు గదుల్లో రెండు మూడు తరాలు గడిచిపోయాయి.

క్షయ గురించి చెప్పాలంటే ఈ ఇరుకు గది దగ్గరే మొదలుపెట్టాలి. ఊపిరితిత్తుల టీబీ ఉన్న మనిషి దగ్గినప్పుడు వెలువడే సన్నటి తుంపరలు గాలి ఆడని గదిలో గంటల తరబడి తేలుతూనే ఉంటాయి. రాత్రి షిఫ్టువాడు పగలు నిద్రపోయిన గదిలోనే పగటి షిఫ్టువాడు రాత్రి నిద్రపోతాడు. కార్ఖానాలో పనిచేసేవాడికి దగ్గు వస్తే, నెపాన్ని దారపు నుసి మీదికి నెట్టేయడం తేలిక. అలా నెలల తరబడి మందు పడని దగ్గు ఒకటి ఇంట్లో ఉంటే, అదే గదిలో వంట చేసి, చీరలకు రాళ్లు అంటించి, బిడ్డకు పాలిచ్చే ఆడమనిషికి కూడా అందులో వాటా అందుతుంది. ఆమె ఒంట్లో చేరిన సూక్ష్మజీవి ఊపిరితిత్తుల్లోనే కాపురం పెట్టాలని లేదు.

ప్రపంచంలో ఏటా కొత్తగా టీబీ బారిన పడేవారిలో సుమారు నాలుగో వంతు మనదేశంలోనే ఉన్నారు. మన దగ్గర నమోదయ్యే రోగుల్లో ఐదో వంతుకు అటూఇటూగా జబ్బు ఊపిరితిత్తులకు బయట ఉంటుంది. మెడలో బిళ్ళలు, ఊపిరితిత్తి పొరల మధ్య నీరు, వెన్నెముక, పేగులు. ఆ వరుసలో చిట్టచివర ఎక్కడో రొమ్ము. పాశ్చాత్య దేశాల్లో రొమ్ము జబ్బులతో వచ్చేవారిలో వెయ్యికి ఒకరికి కూడా ఇది ఉండదు. టీబీ విస్తారంగా ఉన్న మనలాంటి చోట వందకు మూడు నాలుగు వరకు ఉండొచ్చని శస్త్రచికిత్స విభాగాల లెక్కలు చెబుతాయి. ఎక్కువగా 20 నుంచి 40 ఏళ్ల ఆడవాళ్లకు, వారిలోనూ పాలిచ్చే తల్లులకు వస్తుంది. మగవాళ్లకు రావడం చాలా తక్కువ, కానీ వస్తుంది.

పుస్తకాల్లో 'అరుదైన జబ్బు' అని రాసి ఉండటం వల్ల ఒక నష్టం జరుగుతోందని నా అభిప్రాయం. రొమ్ము జబ్బుతో వచ్చే వందమందిలో ముగ్గురికి ఉండే జబ్బు బమ్రోలి లాంటి చోట అరుదు కాదు. వైద్యుడి మనసులో మెదలకపోవడం వల్లే అరుదవుతోంది.

చంకలోంచి వెనక్కి

రొమ్ము కణజాలం క్షయ సూక్ష్మజీవికి అంతగా అచ్చిరాదు. కండరంలో, ప్లీహంలో బతకడానికి ఎంత కష్టపడుతుందో ఇక్కడా అంతే కష్టపడుతుంది. మరి ఎలా చేరుతుంది? ఈ ప్రశ్నకు మొదట దారి చూపింది లండన్ శస్త్రవైద్యుడు ఆస్ట్లీ కూపర్. 1829లో అచ్చయిన తన పుస్తకంలో, మెడలో గండమాల (క్షయ వల్ల వాచిన బిళ్ళలు) ఉన్న పడుచు ఆడవాళ్ల రొమ్ములో వచ్చే ఒక గట్టి వాపు గురించి ఆయన రాశాడు. అప్పటికి క్షయకు సూక్ష్మజీవి కారణమని ఎవరికీ తెలియదు. రాబర్ట్ కోక్ ఆ సంగతి బెర్లిన్‌లో ప్రకటించింది 1882 మార్చి 24న. అయినా మెడ బిళ్ళలకూ రొమ్ము వాపుకూ సంబంధం ఉందని కూపర్ కన్ను పసిగట్టింది.

రొమ్ములోంచి వచ్చే శోషరసంలో (లింఫ్) ఎక్కువ భాగం చంకలోని గ్రంథుల వైపు పారుతుంది. ఆ గ్రంథుల్లో క్షయ చేరి, అవి వాచి, దారి మూసుకుపోతే, అడ్డుకట్ట పడిన పంటకాలువలో నీరు ఎగదన్నినట్టు శోషరసం వెనక్కి, అంటే రొమ్ములోకి, మళ్లుతుంది. సూక్ష్మజీవులూ దానితో పాటే వస్తాయి. ఎక్కువమందిలో జరిగేది ఇదేనని నేటికీ నమ్ముతున్నారు. రొమ్ము క్షయ ఉన్నవారిలో చాలామందికి చంకలో బిళ్ళలు కూడా ఉండటం దీనికి బలం. ఊపిరితిత్తి పొరలోంచో పక్కటెముకలోంచో నేరుగా పాకడం, రక్తం ద్వారా రావడం, చనుమొన పగుళ్లలోంచి లోనికి దిగడం తక్కినవి. ఈ చివరిది చాలా అరుదు.

పాలిచ్చే కాలంలో రొమ్ముకు రక్తప్రసారం పెరుగుతుంది, పాలనాళాలు వెడల్పవుతాయి. వరస కాన్పులతో, చాలీచాలని తిండితో తల్లి ఒంట్లో సత్తువ తగ్గి ఉంటుంది. పాలిచ్చే తల్లులకే ఎందుకు ఎక్కువ వస్తుందన్న ప్రశ్నకు ఇప్పటికి ఉన్న జవాబు ఇంతే.

1952లో మెక్‌కియోన్, విల్కిన్సన్ అనే ఇద్దరు దీన్ని ఐదు రకాలుగా విభజించారు. గడ్డగా వచ్చేది, రొమ్మంతా పాకేది, బిగుసుకుపోయి ముడుచుకునేది, నాళాలను మూసేది, ఒళ్లంతా చిమ్మిన క్షయలో భాగంగా వచ్చేది. పరీక్షలు రాసే వైద్య విద్యార్థులకు ఈ అయిదూ కావాలి. రోగికి మాత్రం మూడు రూపాలు తెలిస్తే చాలు: గడ్డ, రంధ్రాలు పడి చీము కారే వాపు, చీముగడ్డ.

మూడు తప్పుడు పేర్లు

ఇరవై ఆరేళ్ల తల్లిని ఒకరిని ఊహించుకుందాం. కల్పితమే, కానీ కథ మాత్రం వైద్యులందరికీ తెలిసినదే. బిడ్డకు ఎనిమిది నెలలు. ఎడమ రొమ్ములో, చంక వైపు పైభాగాన, నిమ్మకాయంత గడ్డ. కొద్దిగా నొప్పి. పక్కింటి అక్క చూసి, "పాలు గడ్డకట్టినయి చెల్లే, ఉప్పు కాపడం పెట్టుకో" అంటుంది. ఆ మాటలో తప్పేమీ లేదు. ఎక్కువమందికి అది నిజమే అవుతుంది. వారం పోతుంది. సందు చివర క్లినిక్‌లో యాంటీబయాటిక్ రాస్తారు. కొంచెం తగ్గినట్టు అనిపిస్తుంది, మళ్లీ వస్తుంది. ఇంకో యాంటీబయాటిక్. చివరికి గడ్డ మెత్తబడుతుంది. ఎవరో ఒకరు చిన్న కోత పెట్టి చీము తీసేస్తారు.

అక్కడితో కష్టం ముదురుతుంది. మామూలు చీముగడ్డను కోస్తే కొన్ని వారాల్లో పుండు మానుతుంది. క్షయ గడ్డను కోస్తే, లోపల మందు పడని జబ్బు అలాగే ఉండటం వల్ల, కోత పెట్టిన చోట పుండు మానదు. చర్మానికి లోపలినుంచి దారి ఏర్పడి చీము కారుతూనే ఉంటుంది. దాన్నే నాడీవ్రణం అంటారు. మానలేదని మళ్లీ కోస్తారు. రెండో రంధ్రం పడుతుంది. ఆమె రవికె లోపల గుడ్డ మడిచి పెట్టుకుని, వాసన వస్తుందేమోనని నలుగురిలో కూర్చోవడం మానేస్తుంది. నెలలు గడుస్తాయి.

ఇందులో ఇంకో చిక్కు ఉంది. చీముకు వాడే యాంటీబయాటిక్స్‌లో లెవోఫ్లాక్సాసిన్ లాంటివి క్షయ సూక్ష్మజీవిని కూడా కొంతవరకు అణుస్తాయి. చంపవు, కొన్నాళ్లు నోరు మూయిస్తాయి. గడ్డ తగ్గినట్టు కనబడుతుంది, పరీక్షల్లో సూక్ష్మజీవి దొరకదు, మందు ఆపాక జబ్బు మళ్లీ లేస్తుంది. కాబట్టి పాలగడ్డకు ఆ మందును అలవాటుగా రాయడం మంచి పద్ధతి కాదు.

మొదటి తప్పుడు పేరు పాలగడ్డ. రెండోది క్యాన్సర్. ఈ గడ్డ గట్టిగా, గరుకుగా, చుట్టుపక్కల కణజాలానికి అతుక్కుని ఉండొచ్చు. చనుమొన లోనికి లాక్కుపోవచ్చు. చర్మం నారింజ తొక్కలా గుంటలు పడొచ్చు. చంకలో బిళ్ళ తగలొచ్చు. మామోగ్రామ్‌లో, అల్ట్రాసౌండ్‌లో క్యాన్సర్ అని అనుమానించదగ్గ నీడే కనబడుతుంది. పెట్ స్కాన్‌లో రెండూ ఒకేలా వెలుగుతాయి. అంత ఖర్చు పెట్టి తీయించిన బొమ్మ కూడా ఈ రెంటినీ విడదీయలేదు.

ఇక్కడ ఒక మాట నొక్కి చెప్పాలి. మనదేశంలో ఏటా సుమారు 1.9 లక్షల మందికి కొత్తగా రొమ్ము క్యాన్సర్ వస్తోంది. క్షయ దాని ముందు ఎంతో చిన్నది. ఈ అధ్యాయం చదివి ఎవరైనా తన రొమ్ములోని గడ్డను 'టీబీయే అయ్యుంటుందిలే' అని వదిలేస్తే, నేను చేసిన మేలు కంటే కీడే ఎక్కువ. గడ్డ ఏదైనా, క్యాన్సర్ కాదని తేలేదాకా క్యాన్సర్ అన్న అనుమానంతోనే పరీక్ష చేయాలి. రెండూ ఒకే రొమ్ములో ఉన్న సందర్భాలూ వైద్య పత్రికల్లో నమోదయ్యాయి.

మూడో తప్పుడు పేరు కొంచెం కొత్తది. దాని సంగతి తర్వాత.

అనుమానం కలిగించే గుర్తులు కొన్ని ఉన్నాయి. సరైన యాంటీబయాటిక్ రెండు వారాలు వాడినా తగ్గని గడ్డ. చీము తీసి కల్చర్‌కు పంపితే 'ఏ సూక్ష్మజీవీ పెరగలేదు' అని వచ్చిన రిపోర్టు. దీన్ని చాలామంది శుభవార్త అనుకుంటారు, నిజానికి ఇదే పెద్ద ఆధారం. అంత చీము ఉండి మామూలు సూక్ష్మజీవులేవీ లేవంటే, కల్చర్‌లో రెండు రోజుల్లో పెరగనిదేదో అందులో ఉందన్నమాట. చంకలో ఒకదానికొకటి అతుక్కున్న బిళ్ళలు. ఇంట్లో ఎవరికైనా టీబీ ఉండటం. సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం ఉంటే ఉండొచ్చు, కానీ రొమ్ము క్షయలో చాలామందికి ఇవేవీ ఉండవు. ఛాతీ ఎక్స్‌రే కూడా మామూలుగానే ఉండొచ్చు. అందుకే 'దగ్గు లేదు, ఎక్స్‌రే బాగుంది, టీబీ ఎలా అవుతుంది?' అన్న వాదన నిలవదు.

ముక్క ఏ సీసాలో పడింది?

నిర్ధారణకు కణజాలం కావాలి. ముందు సన్న సూదితో గడ్డలోంచి కొన్ని కణాలు లాగి గాజుపలక మీద పూస్తారు. మత్తు అక్కర్లేదు, పది నిమిషాల పని. అది చాలకపోతే కాస్త లావు సూదితో బియ్యపుగింజంత పొడవు ముక్కలు రెండు మూడు తీస్తారు. ముక్క పరీక్ష అనేది ఇదే.

సూక్ష్మదర్శినిలో వెతికేది గ్రాన్యులోమా అనే కణాల గుంపును. చంపలేని సూక్ష్మజీవిని శరీరం తెల్లకణాలతో చుట్టేసి కట్టడి చేస్తుంది. ఆ కణాల్లో కొన్ని ఒకదానిలో ఒకటి కలిసిపోయి, అంచు వెంట గుర్రపునాడా ఆకారంలో కేంద్రకాలు పేర్చుకున్న పెద్ద కణాలవుతాయి. వాటిని లాంగ్‌హాన్స్ కణాలంటారు. గుంపు నడుమ కణజాలం చచ్చి, జున్ను పొడిలా తెల్లగా పెళుసుగా మారుతుంది. గ్రాన్యులోమా, దాని నడుమ ఈ జున్నులాంటి మృతకణజాలం రెండూ కనబడితే మన దేశంలో క్షయకు చాలా దగ్గరగా వచ్చినట్టే. సూది పరీక్షతోనే సుమారు నాలుగింట మూడు వంతుల మందిలో జబ్బు గుర్తుపట్టవచ్చని మనదేశపు అనుభవం చెబుతోంది.

కానీ దగ్గరగా రావడం వేరు, పట్టుకోవడం వేరు. ఎర్రరంగు వేసి సూక్ష్మదర్శినిలో క్షయ సూక్ష్మజీవిని చూడాలంటే ఒక మిల్లీలీటరులో పదివేలైనా ఉండాలి. ఊపిరితిత్తుల కళ్ళెలో అన్ని ఉంటాయి, రొమ్ము గడ్డలో ఉండవు. అందుకని ఆ పరీక్ష చాలామందిలో 'లేదు' అనే చెబుతుంది. కల్చర్ చేస్తే కొద్ది సూక్ష్మజీవులున్నా పెరుగుతాయి, కానీ ఇది మహా నిదానం. మామూలు పేగు సూక్ష్మజీవి ఇరవై నిమిషాల్లో రెండవుతుంది. క్షయ సూక్ష్మజీవికి పదిహేను, ఇరవై గంటలు పడుతుంది. గుడ్డుతో చేసే పాత మాధ్యమం మీద ఆరేడు వారాలు, ద్రవ మాధ్యమంలో రెండు మూడు వారాలు ఆగాలి.

ఈ ఇబ్బందిని చాలావరకు తీర్చింది జన్యుపరీక్ష. జీన్‌ఎక్స్‌పర్ట్ యంత్రాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010 డిసెంబరులో ఆమోదించింది. మన ప్రభుత్వ కేంద్రాల్లో సీబీనాట్ అని పిలిచేది దీన్నే. మిల్లీలీటరుకు 130 సూక్ష్మజీవులున్నా పడుతుంది, దాని కొత్త రూపం 16 ఉన్నా పడుతుంది. రెండు గంటల్లో ఫలితం. పైగా రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన మందుకు జబ్బు లొంగుతుందా లేదా కూడా చెబుతుంది. గోవాలో తయారయ్యే ట్రూనాట్ కూడా ఇదే కోవకు చెందినది. ఇందులో సూక్ష్మజీవి దొరికితే సందేహమే లేదు. దొరకకపోతే మాత్రం జబ్బు లేదని కొట్టిపారేయకూడదు. గడ్డలో సూది పడిన చోట అది లేకపోయి ఉండొచ్చు.

ఇప్పుడు అసలు విషయం. ముక్క తీయగానే అలవాటుగా ఫార్మలిన్ ఉన్న సీసాలో వేస్తారు. కణాల ఆకారం చెడకుండా పాథాలజీవారికి చేర్చాలంటే అదే మార్గం. కానీ ఫార్మలిన్ సూక్ష్మజీవిని చంపుతుంది. చచ్చిన సూక్ష్మజీవి కల్చర్‌లో పెరగదు; దాని జన్యుపదార్థం కూడా దెబ్బతింటుంది, జన్యుపరీక్ష సరిగా పనిచేయదు. అందుకని ముక్కలు తీసేటప్పుడే రెండు సీసాలు కావాలి. ఒకటి ఫార్మలిన్‌తో, ఇంకొకటి మామూలు సెలైన్‌తో. ఒకటి పాథాలజీకి, రెండోది టీబీ ప్రయోగశాలకు. ఇంత చిన్న జాగ్రత్త తప్పడం వల్ల రోగి మళ్లీ సూది పొడిపించుకోవలసి వస్తుంది, లేదా మందుకు లొంగే టీబీయో లొంగనిదో తెలియకుండానే నెలల తరబడి మందులు మింగవలసి వస్తుంది. ఖరీదైన యంత్రాల గురించి మనం మాట్లాడుకునేంతగా ఈ సెలైన్ సీసా గురించి మాట్లాడుకోం. రోగి వెంట వెళ్లినవాళ్లు ముక్క తీసే ముందు "టీబీ పరీక్షకు సెలైన్‌లో కూడా వేస్తారా డాక్టర్‌గారూ?" అని అడగడం మర్యాద తప్పడమేమీ కాదు.

ఇక మూడో తప్పుడు పేరు. 1972లో కెస్లర్, వొల్లాక్ అనే ఇద్దరు, అచ్చం ఇలాంటి గ్రాన్యులోమాలే ఉండి క్షయ గానీ మరే సూక్ష్మజీవి గానీ కనబడని రొమ్ము వాపు గురించి రాశారు. దీనికి గ్రాన్యులోమాటస్ మాస్టైటిస్ అని పేరు. అదే వయసు తల్లులు, అదే గడ్డ, అవే మానని పుళ్లు. దీన్ని తగ్గించడానికి చాలాసార్లు స్టెరాయిడ్లు వాడతారు, కొన్నిసార్లు మెథోట్రెక్సేట్. రెండూ శరీర రక్షణశక్తిని తగ్గించేవే. జబ్బు నిజానికి క్షయ అయితే, ఆ మందులు శరీరం కట్టుకున్న కంచెను కూల్చి సూక్ష్మజీవిని ఒళ్లంతా వదిలిపెడతాయి. ఉల్టాగా, క్షయ కానిదానికి ఆరు నెలలు టీబీ మందులు వాడితే కాలేయానికి శ్రమ, రోగికి నిరాశ. గ్రాన్యులోమాల నడుమ జున్ను పదార్థం ఉంటే క్షయ వైపు మొగ్గాలి. పాలగ్రంథి గుత్తుల చుట్టూ మాత్రమే అల్లుకుని, జున్ను పదార్థం లేకపోతే రెండోదాని వైపు. ఎప్పుడూ ఇంత తేటగా ఉండదు. అనుభవజ్ఞులకు కూడా ఇది చెమటలు పట్టించే నిర్ణయం.

ఇక్కడ కొంచెం దారి తప్పుతాను. భీమవరంలో 1895లో పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ లేబొరేటరీస్ పరిశోధనలకు నాయకత్వం వహించిన 1940లలో తయారైన మందే మెథోట్రెక్సేట్. ఆయన 1948లో కన్నుమూశాడు. టీబీకి ఇవాళ వాడే నాలుగు మందుల్లో ఒకటైన ఇథాంబ్యుటాల్ 1961లో వెలువడింది కూడా ఆ లెడర్లీ నుంచే. ఒకదానిని చూసి ఇంకొకటిగా పొరబడే రెండు జబ్బులకు చెరొక మందూ ఒకే సంస్థ నుంచి వచ్చాయి. ఎవరికి ఏది అన్నది మాత్రం సంస్థ చెప్పదు, ముక్క చెప్పాలి.

మూడు మాత్రలు, ఆరు నెలలు

మందులు లేని కాలంలో క్షయకు విశ్రాంతి, మంచి గాలి, మంచి తిండి. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం 1915లో తలుపులు తెరిచింది ఆ నమ్మకంతోనే. రొమ్ము క్షయకైతే అప్పట్లో రొమ్ము తీసేయడమే చికిత్స. స్ట్రెప్టోమైసిన్, ఐసోనియజిడ్ వచ్చాక, 1956లో మద్రాసులో మొదలైన ఒక అధ్యయనం పెద్ద మలుపు తిప్పింది. శానిటోరియంలో ఉంచిన రోగులకూ, ఇరుకిళ్లలో ఉండి మందులు మింగిన రోగులకూ గుణం దాదాపు సమానంగా ఉందనీ, ఇంట్లోవాళ్లకు ముప్పు పెరగలేదనీ తేలింది. బమ్రోలి తల్లి బిడ్డను వదిలి ఆసుపత్రిలో పడుకోనక్కర లేకపోవడానికి ఆ మద్రాసు పేటల్లో జరిగిన పనే మూలం.

ఇవాళ మన జాతీయ కార్యక్రమంలో పద్ధతి ఇది. మొదటి రెండు నెలలు ఐసోనియజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబ్యుటాల్ నాలుగూ కలిపిన మాత్ర. తర్వాత నాలుగు నెలలు పైరజినమైడ్ తప్ప మిగిలిన మూడూ. రోజూ వేసుకోవాలి. ఎన్ని మాత్రలన్నది బరువును బట్టి: 35 నుంచి 49 కిలోల వరకు మూడు, 50 నుంచి 64 వరకు నాలుగు. చాలామందికి ఆరు నెలలు చాలు; జబ్బు నెమ్మదిగా తగ్గుతుంటే వైద్యులు తొమ్మిది నెలలకు, కొన్నిసార్లు ఇంకా ముందుకు పొడిగిస్తారు. మందుకు లొంగని రకమైతే వేరే మందులు. ప్రభుత్వ కేంద్రాల్లో అన్నీ ఉచితమే. సూరత్‌లో పెద్ద పరీక్షలకు మజూరా గేట్ దగ్గరి న్యూ సివిల్ ఆసుపత్రి, ఉమర్‌వాడలోని నగరపాలిక వైద్యకళాశాల స్మిమేర్ ఉన్నాయి.

శస్త్రచికిత్స అసలే వద్దని కాదు. చీము పెద్దగా చేరితే సూదితో లాగేయాలి, ఒకసారికి కాకపోతే రెండు మూడు సార్లు. మందులు పూర్తయ్యాక కూడా మిగిలిన గడ్డను, మానని రంధ్రాన్ని తీసేయవచ్చు. రొమ్ము మొత్తం తీయాల్సి రావడం నేడు బహు అరుదు. మందు మొదలుపెట్టిన రెండు మూడు నెలల్లో గడ్డ ఉన్నట్టుండి పెరగొచ్చు, కొత్త బిళ్ళ కనబడొచ్చు. సూక్ష్మజీవులు చచ్చేకొద్దీ శరీరం తిరగబడటం వల్ల వచ్చే వాపు కావచ్చు ఇది. మందు పనిచేయడం లేదని మానేసేది సరిగ్గా ఇక్కడే. మానకుండా వైద్యుడికి చూపించాల్సిందీ ఇక్కడే.

మందు మొదలయ్యాక మూత్రం నారింజ రంగులో వస్తుంది. రిఫాంపిసిన్ రంగు అది, భయం లేదు. కళ్లు పచ్చబడితే, వాంతులు ఆగకపోతే, చూపు మసకబారితే లేదా ఎరుపు ఆకుపచ్చలు తేడా తెలియకపోతే వెంటనే వెళ్లాలి. అరికాళ్లలో తిమ్మిరికి బి6 విటమిన్ ఇస్తారు. చాలామంది ఆడవాళ్లకు ఎవరూ చెప్పని సంగతి ఇంకొకటుంది: రిఫాంపిసిన్ వాడుతున్నంత కాలం గర్భనిరోధక మాత్రలు సరిగా పనిచేయవు, వేరే పద్ధతి చూసుకోవాలి.

మరి బిడ్డ పాలు? తల్లి మందులు మింగుతూ పాలివ్వవచ్చు. పాలలోకి వచ్చే మందు చాలా తక్కువ, బిడ్డకు హాని చేయదు. జబ్బున్న రొమ్ము నుంచి మాత్రం వద్దు, రెండో వైపు ఇవ్వాలి. ఊపిరితిత్తుల్లో జబ్బు లేకుండా రొమ్ములో మాత్రమే ఉంటే అది దగ్గు ద్వారా ఎవరికీ అంటదు. కాబట్టి ఆమెకు వేరే కంచం, వేరే పక్క అక్కర్లేదు. అత్తింట్లో ఎవరైనా అలా పెడితే, అది జబ్బు మీద జాగ్రత్త కాదు, మనిషి మీద వెలి. అయితే బిడ్డను, ఇంట్లో అందరినీ పరీక్షించాలి. ఆమెకు ఎవరి నుంచో వచ్చింది; ఆ ఎవరో ఇంకా ఆ గదిలోనే దగ్గుతూ ఉండొచ్చు.

తిండి సంగతి చెప్పకుండా ఈ అధ్యాయం ముగించలేను. జార్ఖండ్‌లో 2019 నుంచి 2022 వరకు జరిగిన ఒక పెద్ద ప్రయోగంలో, టీబీ రోగుల ఇళ్లలోని మిగతావారికి నెలనెలా అదనంగా ధాన్యం, పప్పు, పాలపొడి ఇస్తే వాళ్లలో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. టీకా కాదు, పప్పుబియ్యం! కేంద్ర ప్రభుత్వం రోగి ఖాతాలో వేసే పోషకాహార సొమ్ము 2018లో నెలకు 500 రూపాయలతో మొదలై, 2024 నవంబరు నుంచి 1,000 అయింది. సూరత్ ధరలకు చాలదు గానీ, వదులుకునేది కాదు.

వలస కుటుంబాలకు ఇంకో కష్టం ఉంది. నాలుగో నెలలో ఊళ్లో పెళ్లి. నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే వరంగల్‌లో దిగొచ్చు, కానీ మందులు సూరత్‌లో ఉండిపోతాయి. నిక్షయ్ అనే జాతీయ నమోదులో రోగికి ఒక సంఖ్య ఇస్తారు. ఆ సంఖ్య ఆధార్ కార్డంత జాగ్రత్తగా దాచుకోవాలి. వెళ్లే ముందు కేంద్రంలో చెబితే, రికార్డును ఊళ్లోని ప్రభుత్వ కేంద్రానికి మారుస్తారు, మందులు అక్కడ తీసుకోవచ్చు. చెప్పకుండా వెళ్లి పది రోజులు మానేస్తే, మందుకు లొంగని టీబీకి తలుపు తీసినట్టే.

1994 సెప్టెంబరులో ప్లేగు వచ్చిందని సూరత్ నుంచి లక్షలమంది తరలిపోయారు. దొరికిన రైలెక్కి జనం పారిపోయారు. ఆ మరుసటి ఏడాది కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు నగరాన్ని కడిగించి శుభ్రతలో దేశానికి ఆదర్శంగా చూపేలా చేశాడు. ప్లేగు రోజుల్లో చంపుతుంది కాబట్టి నగరం కదిలింది. క్షయ ఏళ్లు తీసుకుంటుంది, అందులోనూ రవికె చాటున దాగిన క్షయకు ఎవరూ పరుగులు పెట్టరు.

సూరత్ నగరపాలిక తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతోంది. కాబట్టి తెలుగు చదివేవాళ్లు ఆ వీధుల్లో ఉన్నారు. పద్మశాలీ సంఘాలవారు, గుళ్ల కమిటీలవారు, ఆ బడుల పంతుళ్లు ఒక చిన్న పని చేయాలని నా విన్నపం. ఆడవాళ్లు కూడే చోట తెలుగులో ఒక కాగితం అంటించండి: రెండు వారాల మందుకు తగ్గని రొమ్ము గడ్డ ఉంటే కోత పెట్టించుకోవద్దు, ముందు సూది పరీక్ష అడగండి, పరీక్షా ఉచితమే, మందూ ఉచితమే, జబ్బు నయమవుతుంది.